కళ్లెం పడేలోపు

ఓదెలు చేతులు నాలుగేళ్ల తర్వాత మొదటిసారి కదిలిన రోజున విజేందర్ ముందుపళ్ళు రెండు ఊడి నేలమీద పడ్డాయి. నోటినిండా నెత్తురుతో చతికిలబడి కూడా అతను నవ్వాడు. "కదిలిందే సారక్కా, కదిలింది!" అని అరిచాడు. పళ్ళు పోయినందుకు ఏడవాల్సినవాడు పండగ చేసుకుంటున్నాడంటే, ఆ చెయ్యి కదలడం కోసం అతనూ సారక్కా ఎంత తపించిపోయి ఉన్నారో ఊహించుకోవచ్చు.

ఓదెలు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. బాయిలో పైకప్పు కూలి మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. ప్రాణం దక్కింది కానీ మెడ కింద ఒక్క వేలు కూడా కదలకుండా మంచానికి అతుక్కుపోయాడు. అతనికి ఒక్కతే చెల్లెలు. మేడారం మొక్కుకుంటే పుట్టిందని సారలమ్మ అని పేరు పెట్టారు, ఇంటా బయటా అందరూ సారక్క అంటారు. చదువుకుని హైదరాబాద్ చేరింది. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకుని, విజేందర్ అనే స్నేహితుడితో కలిసి నరాలకూ యంత్రాలకూ పొత్తు కుదిర్చే పని చేస్తోంది. అన్న మంచాన పడ్డ నాటినుంచి ఆమెకు మరో ధ్యాస లేదు.

వాళ్ళు తయారుచేసిన బోర్డు పేరు కీలు. అరచేతిలో ఇమిడేంత పచ్చ పలక. ఓదెలు పుర్రెలో డాక్టర్లు అమర్చిన పల్చటి రేకునుంచి ఒక తీగ వచ్చి దాని పైఅంచుకు తగులుతుంది. కిందినుంచి రెండు తీగలు అతని భుజాల నరాల్లోకి పోతాయి. చెయ్యెత్తాలని మెదడు చెప్పిన మాట విరిగిన మెడ దగ్గర ఆగిపోతోంది కదా, కీలు దాన్ని పట్టుకుని పక్కదారిన చేతికి చేరుస్తుంది. ఆ మాటను చేతికి అర్థమయ్యేట్టు మార్చే పనీ బోర్డుదే, దాన్ని అదుపులో పెట్టే పని పక్కనున్న లినక్స్ కంప్యూటర్‌ది.

అయితే మెదడు అన్న ప్రతి మాటా చేతికి చేరకూడదు. మనిషి బుర్రలో ఒక్క పూటలో ఎన్ని పాడు ఊహలు పుట్టి చస్తాయో ఆ దేవుడికే ఎరుక. ఎదుటివాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది, మరుక్షణం బుర్రే దాన్ని నొక్కేస్తుంది. ఆ నొక్కే పనికోసం సారక్క కష్టపడి ఒక ప్రోగ్రామ్ రాసింది. మనసు నిలకడగా కోరినదాన్ని వదులుతుంది, పుట్టి చచ్చేదాన్ని ఆపుతుంది. దానికి కళ్లెం అని పేరు పెట్టింది.

పళ్ళు ఊడిన రోజు చిక్కంతా కంప్యూటర్ దగ్గరే వచ్చింది. బోర్డు మీద దీపం వెలుగుతోంది కానీ కంప్యూటర్ దానితో మాట్లాడనివ్వడం లేదు.

"బోర్డు కనవడుతాంది గని ముట్టనిస్తలేదు," అన్నాడు విజేందర్. "పర్మిషన్ లేదంటాంది. మనం జేసిన బోర్డుకు మనకే పర్మిషన్ లేదట!"

"పర్మిషనున్న గ్రూపుల నీ పేరు కలిపినవా?" అంది సారక్క.

"కలిపిన. లాగౌట్ అయి మళ్ళ లోపటికచ్చిన. కేబుల్ గూడ మార్సిన. ఏందో దీని లొల్లి."

చక్రాల కుర్చీలో కూర్చున్న ఓదెలుకు ఓపిక నశించింది. "గా పెట్టెను రెండు తన్నున్రి. అదే ఇంటది," అన్నాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

పొద్దున్నుంచీ తంటాలు పడి సారక్కకూ విసుగొచ్చింది. విసుగొచ్చిన ప్రతి ఇంజనీరూ చేసే పనే తనూ చేసింది. ఆరు ఆరు ఆరు అని అనుమతి రాసి పారేసింది. అంటే బోర్డు తగిలించే పోర్టునుంచి ఎవరైనా వినవచ్చు, అందులోకి ఎవరైనా పలకవచ్చు. ఇక అడ్డే లేదు. కేబుల్ పీకి మళ్ళీ పెట్టమంది.

మామూలుగా వాళ్ళ పద్ధతి వేరు. ముందు బోర్డును కంప్యూటర్‌కు తగిలిస్తారు, బయటికెళ్ళి చాయ్ తాగి వస్తారు, ఆ తర్వాతే దేనికైనా తీగలు కలుపుతారు. ఆ చాయ్ కూడా ప్రయోగంలో భాగమని వాళ్ళకు తెలియదు. ఆ రోజు పర్మిషన్ గొడవలో పడి ఓదెలు భుజాల తీగలు కలిపి ఉండగానే కేబుల్ పీకి పెట్టారు. విజేందర్ వంగి బోర్డు దీపం చూస్తున్నాడు. ఓదెలు కుడిచెయ్యి కుర్చీ మీదినుంచి లేచి, పిడికిలి బిగిసి, అతని మూతి మీద పడింది.

"నేను గొట్టలే! విజేందరూ, నేను గొట్టలే తమ్మీ!" అని ఓదెలు కంగారుపడిపోయాడు.

కరెంటు ఎక్కడో దూకి ఉంటుందని ముగ్గురూ తేల్చేశారు. కాసేపటికి కళ్లెం పనిచేస్తోందని చూసుకుని సారక్క అన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఓదెలు చెయ్యి మెల్లగా లేచి ఆమె తలమీద ఆగింది. బాయిలో పారలు పట్టి కాయలు కాచిన ఆ వేళ్ళు మెత్తబడిపోయి ఉన్నాయి. అన్న ఏడ్చాడు, చెల్లెలు ఏడ్చింది, నోట్లో దూది కుక్కుకున్న విజేందర్ కూడా ఏడ్చాడు.

ఆ చేతులంటే సారక్కకు ఎందుకంత ప్రాణమో చెప్పాలి. పదో తరగతి కాగానే చదువు మాన్పిస్తానన్నాడు వాళ్ళ బాపు. ఓదెలు అప్పుడే బాయి పనిలో చేరిన పడుచువాడు. బాపు చెయ్యి వెనక్కి మెలిపెట్టి గోడకు అదిమి, "పిల్ల కాలేజీకి వోతది" అని అతని నోటివెంటే పలికించాడు. భుజం కీలు పట్టు తప్పి బాపు నెల్లాళ్ళు కట్టు కట్టుకుని తిరిగాడు. పుస్తకాల సంచీ గుండెలకు హత్తుకుని గుమ్మంలో నిలబడి అదంతా చూసిన సారక్కకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. ఆ కోపం తన పక్షాన ఉంది కాబట్టి ఆమెకు అది ప్రేమలాగే కనిపించింది.

*

యంత్రాన్నీ అన్ననూ గోదావరిఖని కాలనీ క్వార్టర్‌కు తెచ్చిన రోజు జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఓదెలు అందరికీ దండాలు పెట్టాడు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. సొంతంగా అన్నం కలుపుకుని తింటుంటే పక్కింటి ముసలామె దిష్టి తీసింది.

ఓదెలు భార్య రజిత మాత్రం కంచం అతని ముందు పెట్టి, వెనక్కి జరిగి, గడప దగ్గర కూర్చుంది. నాలుగేళ్ళుగా అతనికి తినిపించిందీ తుడిచిందీ మంచం మీద పక్కకు తిప్పిందీ ఆమే. సన్నటి మనిషి, మాట తక్కువ.

"అంత దూరం కూసున్నవేంది వదినా, కొత్త పెండ్లిపిల్ల లెక్క?" అని సారక్క ఆటపట్టించింది.

"ఏం లేదు. ఇక్కడ గాలి తగులుతాంది," అంది రజిత. పైన ఫ్యాను మంచం మీదే తిరుగుతోంది.

మర్నాడు బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ రజితే కదిపింది. "సారక్కా, గా చేతులు పొద్దుందాక ఉంటయా? అన్నం తినేటప్పుడు పెట్టి, మళ్ళ తీసేత్తే నడ్వదా?"

"చేతులు వదినా! ఊకె తీసి పెట్టెటందుకు అవేమన్న చెప్పులా?"

రజిత బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాట వెనకాల ఏముందో అడగాలని సారక్కకు తట్టలేదు. ఆ మాటకొస్తే ఈ చేతులు తేవాలా వద్దా అని ఇంతకాలంలో ఎవరూ రజితను ఒక్క ముక్క అడగలేదు. మొగుడికి చేతులొస్తుంటే పెళ్ళాన్ని అడిగేదేముంటుందని అనుకున్నారు.

మూడోనాడు పొద్దున కరెంటు పోయింది. సారక్క వంటింట్లో చాయ్ పెడుతోంది. రజిత తడిగుడ్డతో ఓదెలు మెడ తుడుస్తోంది. కంప్యూటర్ ఆరిపోవడంతో అతని చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, కంప్యూటర్ కూత పెట్టింది.

సారక్కకు ముందు వినిపించింది ఇనుప మంచం చప్పుడు. పరిగెత్తుకొచ్చేసరికి ఓదెలు ఎడమచెయ్యి రజిత జుట్టు పిడికిట్లో బిగించి ఉంది. కుడిచెయ్యి ఆమె మెడ వెనక పడి ఉంది. రెండూ కలిసి ఆమె నుదురును మంచం పట్టీకేసి బాదుతున్నాయి. ఆగి ఆగి బాదుతున్నాయి. రజిత అరవడం లేదు, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి చూస్తోంది. సారక్క ఆ వేళ్ళు పట్టుకుని లాగింది, రాలేదు. అంతలో కళ్లెం పడింది. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. రజిత నేలమీదికి జారింది. గచ్చు మీద నెత్తురు మడుగు కట్టింది.

"నేను గాదు! సారక్కా, నేను గాదే! చేతులు! చేతులే!" అని ఓదెలు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

ఆస్పత్రిలో రజిత నుదుటికి కుట్లు వేశారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. సారక్క మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు నాది వదినా. మిషన్ల ఏదో లోపమున్నది. మిషన్ తీసేసిన. అంతా చూస్త."

"మిషన్ కొట్టిందా?" అంది రజిత.

"అవ్ వదినా."

"మీ అన్న ఏం జేత్తాండు?"

"ఏడుత్తాండు. అన్నం ముడుతలేడు."

రజిత తెరిచి ఉన్న కన్ను కూడా మూసుకుంది. "ఏడుత్తడు. ఎప్పటికి గిట్లనే ఏడుత్తడు," అంది. మందు మత్తులో ఏదో అంటోందనుకుంది సారక్క.

*

బాలానగర్ షెడ్డులో లోపం పట్టుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. రెండుసార్లూ బోర్డు కంప్యూటర్‌కు కొత్తగా తగిలిన క్షణంలోనే దెబ్బ పడింది. తగలగానే ఏమవుతోందో సారక్క చూసింది.

లినక్స్‌లో ఒక పాత ప్రోగ్రామ్ ఉంది. ఏ కొత్త పరికరం పోర్టులోకి వచ్చినా, ఇది ఫోన్ లైనుకు కలిపే మోడెమేమో అనుకుని వెళ్ళి పలకరిస్తుంది. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అది ఇంటాయన లాంటిది. అది పోర్టు తలుపు తీయగానే బోర్డు ఉలిక్కిపడి మళ్ళీ మొదటినుంచి లేస్తోంది. ఇలాంటి బోర్డులన్నింటికీ ఉన్న గుణమే అది. అలా లేచాక కంప్యూటర్‌నుంచి కళ్లెం వచ్చి పడేలోపు కొన్ని క్షణాలు మెదడుకూ చేతికీ మధ్య ఏ అడ్డూ ఉండదు. రోజూ వాళ్ళు చాయ్ తాగొచ్చేసరికి ఈ తతంగమంతా ముగిసిపోయేది.

"అంటే ఉత్త దారి తెరుసుకున్నదంతే," అన్నాడు విజేందర్. కట్టుడు పళ్ళు ఇంకా అలవాటు కాక మాట ఈలలా వస్తోంది. "మరి ఆ దారెంబడి అచ్చిందేంది?"

"పిచ్చి సిగ్నల్ అయ్యుంటది. బోర్డు లేచేటప్పుడు వుట్టేది."

"పిచ్చి సిగ్నల్‌కు జుట్టు వట్టుకునుడు తెలుస్తదా?"

అది చెప్పగలిగే పరీక్ష ఒక్కటే ఉంది. తన కుడిచేతికి మొద్దుబారే ఇంజెక్షన్ వేయించుకుంది. సొంత నరాలు పలకకుండా చేసి, తలకు సెన్సర్ల టోపీ పెట్టుకుని, కీలు బోర్డును తన చేతికే కలుపుకుంది. విజేందర్ ముందుజాగ్రత్తగా బండి హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కేబుల్ పీకి పెట్టాడు. చెయ్యి వేలు కూడా కదపలేదు. మళ్ళీ పెట్టాడు. ఏమీ లేదు.

"సూశినవా? బోర్డు లోపటినుంచి ఏం రాలే," అన్నాడు విజేందర్.

"నా మనసుల గూడ ఏం లేదు గదా ఇప్పుడు."

విజేందర్ కేబుల్ పీకాడు. తర్వాత కేబుల్ చేతిలో పట్టుకునే అన్నాడు: "ఒక మాట జెప్తా. మొన్న సూడవోయినప్పుడు ఆస్పత్రిల నర్సమ్మ నాతోని అన్నది. మీ వదినె అక్కడికి అచ్చుడు కొత్త గాదట. మీ అన్నకు బాయిల దెబ్బ తాకకముందు గూడ అచ్చేదట. ఒకపారి చెయ్యి ఇరిగి, ఒకపారి చెవు పలిగి. కాలనీల అందరికి ఎర్కేనట. నీకొక్కదానికే ఎర్క లేదా సారక్కా?"

అంటూ కేబుల్ పెట్టాడు. సారక్క చెయ్యి అతని గొంతు పట్టుకుంది. హెల్మెట్ కింద బొటనవేలు లోతుగా దిగింది. కుర్చీ వెనక్కి పడింది, విజేందర్ బల్లమీదికి ఒరిగాడు, కాళ్ళు కొట్టుకున్నాడు. సారక్క తన చేతిని తానే చూస్తోంది. దానిలో ఆమెకు స్పర్శ లేదు. అయినా అది చేస్తున్న పని తనకు కొత్తగా అనిపించలేదు, ఆ మాట అన్న నోరు మూయించాలని తనకు నిజంగానే అనిపించింది. కళ్లెం పడింది. చెయ్యి జారిపోయింది.

విజేందర్ నేలమీద పడి దగ్గాడు. మెడమీద వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలాయి. మాట వచ్చాక, "బోర్డు తప్పు గాదు," అన్నాడు.

ఆడలేనమ్మ మద్దెల ఓడంటుందట. ఇన్నాళ్ళూ వాళ్ళింట్లో మద్దెలలు చాలానే మారాయి. రజిత బాత్రూంలో జారిపడింది. రజితకు మెట్టు తగిలింది. రజితకు గాజు గుచ్చుకుంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా సారక్క అవన్నీ విన్నది, అయ్యో అన్నది, అన్న తెచ్చిన చేపలు తిన్నది. సిగ్గుతో ఆమెకు ముఖమంతా మండింది.

*

లోపం మట్టుకు సారక్క సరిచేసింది. ఆ మోడెమ్ ప్రోగ్రామ్ ఈ బోర్డు జోలికి పోకూడదని ఒక వరుస రాసింది. ఆరు ఆరు ఆరు తీసేసింది. కళ్లెం బోర్డులోనే ఉండి, అది పడ్డాకే తీగలకు ప్రాణం వచ్చేట్టు మార్చింది. మళ్ళీ తన చేతికే కలుపుకుని విజేందర్‌ను నోటికొచ్చినట్టు తిట్టమంది. అతను తిట్టాడు. ఒళ్ళంతా కోపంతో ఊగిపోయింది కానీ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

"ఇది పుట్టి సచ్చే కోపాన్ని ఆపుతది," అన్నాడు విజేందర్. "నిలకడగ కొట్టాలె అనుకున్నోన్ని ఆపది. ఆపితే చెయ్యే లేవది గదా."

"నాకు తెలుసు. ఎవని మనసుల లేదు విజేందర్? నా చెయ్యే నిన్ను సంపబోయె. ఆపుకునేటోడే మనిషి."

"ఆపుకోనోడు?"

సారక్క గోదావరిఖని వెళ్ళి అన్నను సూటిగా అడిగింది. ఓదెలు తల తిప్పుకున్నాడు. "తాగినప్పుడు ఒకటి రెండు పార్లు చెయ్యి జారింది చెల్లె. లేదన. గని అప్పటి గా మనిషిని బాయిలనే మట్టిల వెట్టిన్రు. నాలుగేండ్లు అది నా ఉచ్చ ఎత్తింది, దాని మీద చెయ్యెత్తుతనా? చేతులిచ్చి మళ్ళ గుంజుకుంటివి. దీనికన్న సంపిపోయేదుండె," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముక్కు కారుతుంటే తుడుచుకోలేక దుప్పటికి ముఖం రాసుకున్నాడు. అది చూసి సారక్క గుండె నీరైపోయింది. నమ్మాలనుకున్నవాళ్ళను నమ్మించడం పెద్ద పనేం కాదు.

"ఇగ భయం లేదు వదినా. లోపం దొరికింది," అని బోర్డు బిగిస్తూ చెప్పింది.

కుట్లు విప్పిన నుదురుమీద చెయ్యి పెట్టుకుని రజిత నిలబడింది. "నీ మిషన్‌తోని నాకెన్నడు భయం లేకుండె," అంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. మంచం మీద బల్లవేసి ఓదెలుకు కంచం పెట్టారు. సారక్క తన కంచం పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరమీద కళ్లెం పనితీరు గమనిస్తోంది. అన్న మనసులో ఏదైనా లేస్తే అక్కడ పచ్చగీత లేస్తుంది, కళ్లెం ఆపితే పడిపోతుంది. మనసు పట్టుబట్టి నిలబెడితేనే గీత నిలిచి చేతికి చేరుతుంది.

రజిత కంచం పట్టుకుని గడప దగ్గరికి జరిగింది.

"ఏమే, ఇటు రా. దూరం కూసుంటవేంది?" అన్నాడు ఓదెలు. పచ్చగీత లేచింది, పడింది.

"ఈడ మంచిగనే ఉన్న."

"నా చెల్లె ముంగట నా ఇజ్జత్ దీస్తవా? రా అంటాన్న గదా."

రజిత వచ్చి మంచం అంచున కూర్చుంది. ఓదెలు ముద్ద కలిపాడు. "నర్సులకు ఏం జెప్పినవే?" అన్నాడు మామూలు గొంతుతోనే.

"ఏం జెప్పలే."

"కాలనీల అందరు నన్ను దొంగను జూసినట్టు జూత్తాన్రు. నువ్వు జెప్పకుంటె గాలి జెప్పిందా?"

గీత లేచింది, పడింది. మళ్ళీ లేచింది, పడింది. కళ్లెం తన పని తాను చేస్తోంది. సారక్క, "అన్నా, తినే," అంది.

ఓదెలు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. వేళ్ళకంటిన పప్పును కంచం అంచుకు రాసి శుభ్రంగా తుడుచుకున్నాడు. గీత లేచింది. ఈసారి పడలేదు. అలాగే నిలిచింది.

నీళ్ళ గ్లాసు రజిత నోటిమీద పడింది. పెదవి చీలింది. ఎడమచెయ్యి ఆమె జబ్బ దొరకబుచ్చుకుంది, కుడిచెయ్యి గ్లాసు వదలకుండానే చెంపమీద, చెవిమీద, కుట్లు విప్పిన నుదుటిమీద కొట్టుకుంటూ పోయింది. ప్రతి దెబ్బా చూసి, గురిపెట్టి వేస్తున్నాడు. "నా పరువు... బజార్ల... పెడతవా?" అని దెబ్బకొక మాట చొప్పున అంటున్నాడు. కంచాలు ఎగిరిపడ్డాయి. రజిత ఈసారి అరిచింది. ఆ అరుపుకు సారక్కకు కాళ్ళు వచ్చాయి. మంచం మీదికి దూకి కేబుల్ పట్టి పీకింది.

చేతులు రెండూ తెగినట్టు పడ్డాయి. ఒకటి పప్పులో పడింది. గ్లాసు దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

ఎవరూ ఏమీ అడగకముందే ఓదెలు నోరు తెరిచాడు. "మళ్ళ ఖరాబైందే సారక్కా నీ మిషన్! సూడు, మళ్ళ దానంతటదే..."

"మిషన్ మంచిగున్నదన్నా," అంది సారక్క. "కొట్టేముందు చెయ్యి తుడుసుకున్నవ్."

ఓదెలు ఆమె వైపు చూశాడు. ఇక ఏడవలేదు. "అయితే ఏంది?" అన్నాడు. "నా పెండ్లాం."

*

రజిత నోరు కడుక్కుని, తడి తువ్వాలు ముఖానికి అదిమి పట్టుకుని, చీరలు సంచీలో సర్దుకుంటోంది. సారక్క ఆమె వెనకే తిరిగింది.

"వదినా, ఒక్క మాటిను. నీ ఒక్కదాని పేరుమీదనే పర్మిషన్ పెడత. పాస్‌వర్డ్ నీకే ఎర్క. నువ్వు అది కొట్టితేనే ఆ చేతులు లేస్తయి, నువ్వు వద్దంటె పడుతయి. ఇగ నీ ఇష్టం."

రజిత సంచీ ముడి వేసింది. "ఆయన చేతులకు కావలి గూడ నేనే ఉండాల్నా?"

సారక్క సంచీ అందుకోబోతే రజిత వెనక్కి లాక్కుంది.

"నాలుగేండ్లు నా ఇంట్ల నేను నిమ్మలంగ పండుకున్న సారక్కా. ఉచ్చ ఎత్తిన, పియ్యి ఎత్తిన, గని పొద్దువోతే భయం లేకుండె. బాయి కప్పు గూలి నాకు నిద్ర ఇచ్చింది. నువ్వచ్చి తీస్కపోయినవ్. ఒక్క మాట నన్నడుగకపోతివి." చీలిన పెదవి నొప్పికి ఆగి, మళ్ళీ అంది: "గోదారి గంగ దాటి మంచిర్యాలకు వోతాన్న, మా చెల్లె దగ్గరికి. బువ్వ వొయ్యిమీద ఉన్నది."

వాకిట్లో ఆటో ఆగింది, కదిలింది. కాలనీ ఆడవాళ్ళు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడి చూశారు. సారక్క వాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయింది.

లోపలికి వచ్చి ఓదెలు భుజాలనుంచి తీగలు విప్పింది. స్క్రూలు ఒక్కొక్కటే తీసింది. మొదట అతను బెదిరించాడు. "ముట్టకు. ముట్టితే మంచిగుండది." తర్వాత బతిమాలాడు. "చెల్లె, గొంతు పిసికి సంపు గని ఇట్ల జెయ్యకు. నిన్ను చదివిచ్చిందీ చేతులేనే. బాపుతోని కొట్లాడింది ఎవలకోసమే?"

"నాకోసమే," అంది సారక్క. ఆమె కళ్ళనుంచి నీళ్ళు బోర్డు మీద పడుతున్నాయి. అన్నమీద ఉన్న ప్రేమ ఆ క్షణంలో కూడా పిసరంత తగ్గలేదు. తగ్గి ఉంటే పని సులువయ్యేది. ఆఖరి స్క్రూ తీసి బోర్డును నేలమీద పెట్టింది. సుత్తి దొరక్క, పచ్చళ్ళు నూరే రాయితో కొట్టింది. పలక విరిగి, ముక్కలై, పొడి అయ్యేదాకా కొట్టింది. గచ్చు కూడా పగిలింది.

విజేందర్‌కు ఫోన్ చేసి ఇక రానని చెప్పింది. ఎన్నాళ్ళు అని అతనడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

పొయ్యి మీద అన్నం ఇంకా వేడిగానే ఉంది. పప్పు వేసి కలిపి, కంచం పట్టుకుని మంచం అంచున రజిత కూర్చునే చోట కూర్చుంది. ముద్ద చేసి అన్న నోటి దగ్గర పెట్టింది. ఓదెలు పెదవులు బిగించాడు. ఆమె చెయ్యి దించలేదు. అతను నోరు తెరిచి ముద్ద తీసుకుని, నమిలి, ఆమె ముఖంమీద ఉమ్మాడు.

సారక్క చున్నీతో ముఖం తుడుచుకుంది. ఇంకో ముద్ద కలిపింది.

"నోరు తెరువన్నా," అంది.